బహుమతులు బంజారాహిల్స్‌లో, నలకలు తాండూరులో

వికారాబాద్ జిల్లా తాండూరులో బండలు కోసే మిషన్ పక్కన నిలబడితే పని ఎలా సాగుతుందో అయిదు నిమిషాల్లో తెలిసిపోతుంది. పలకను బల్ల మీదికి తోస్తారు. బ్లేడు తిరుగుతుంది, పైనుంచి నీళ్లు పడుతుంటాయి, బూడిదరంగు బురద కాళ్లకిందికి జారుతుంది. నీళ్లు తగ్గితే చాలు, దుమ్ము లేస్తుంది. అవతల అంచులు చెక్కేవాడి ఉలిదెబ్బకు పెచ్చులు ఎగురుతుంటాయి. మూతికి తువ్వాల చుట్టుకున్నవాళ్లు చాలామందే కనిపిస్తారు గానీ, కళ్లకు అద్దాలు పెట్టుకున్నవాళ్లు అరుదు. ఎందుకని అడిగితే చెమటకు మసకబారతాయని, కోత గీత కనబడదని చెబుతారు. అందులో అబద్ధమేమీ లేదు.

కంట్లో పెచ్చు పడితే మొదటి వైద్యుడు పక్కనున్న పనివాడే. రెప్ప తిప్పి ఊదుతాడు, తువ్వాల కొసను నోట తడిపి నలక తీస్తాడు. తెల్లారి కన్ను ఎర్రబడితే మందుల షాపు. అక్కడిచ్చే చుక్కల మందులో స్టెరాయిడ్ ఉంటే ఎరుపూ నొప్పీ ఒకపూట తగ్గినట్టే ఉంటాయి, లోపల పుండు మాత్రం ముదురుతుంది. ఆ తర్వాత ఆర్‌ఎంపీ. హైదరాబాద్ రైలెక్కే సరికి వారమో పది రోజులో గడుస్తాయి. అప్పటికి నల్లగుడ్డు మీద పువ్వు వేసేసి ఉంటుంది.

బండల దగ్గరే కాదు, చేలల్లోనూ ఇదే తంతు. తాండూరు కందికి 2022 డిసెంబరులో భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. కోతల రోజుల్లో ఎండిన కందికట్టె కంట్లో గుచ్చుకుంటే ఏమవుతుందో మాత్రం ఆ గుర్తింపు పత్రంలో ఉండదు. పైరు చెత్తతో అయిన గాయం గుండా బూజుజాతి క్రిములు నల్లగుడ్డు మీది పారదర్శక పొర కార్నియాలోకి చేరతాయి. మామూలు యాంటీబయాటిక్ చుక్కలు వాటిని చంపలేవు. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థకు 1991 నుంచి 2000 దాకా ఇలాంటి బూజు పుండ్లతో వచ్చిన 1,352 మంది వివరాలను అక్కడి పరిశోధకులు 2002లో ప్రచురించారు. సగానికి మించిన కేసుల్లో పుండుకు మూలం గాయమే. 64 శాతం కేసులు 16 నుంచి 49 ఏళ్ల మధ్యవాళ్లవి, అంటే ఇంటిని పోషించే వయసువాళ్లవి. 2015-19 జాతీయ సర్వేలోనూ యాభై ఏళ్లలోపు వాళ్ల అంధత్వానికి మొదటి కారణంగా తేలింది కార్నియా మచ్చే, 37.5 శాతం. యాభై దాటినవాళ్లలో శుక్లాలది పైచేయి. శుక్లానికి ఆపరేషన్ ఉంది, శిబిరం ఉంది. కార్నియా పుండుకు ఉన్నది గడియారం ఒక్కటే. ఎన్ని గంటల్లో మందు పడింది అన్నదాని మీదే ఆ కన్ను నిలవడం ఆధారపడి ఉంటుంది.

ఇక హైదరాబాద్ వైపు చూద్దాం. మన దేశంలో శాస్త్రవేత్తలకు దశాబ్దాల పాటు అత్యున్నత గౌరవంగా చెప్పుకొన్నది శాంతిస్వరూప్ భట్నాగర్ పురస్కారం. 45 ఏళ్లలోపు వాళ్లకు ఇచ్చే ఈ పురస్కారం కింద అయిదు లక్షల రూపాయలు అందేవి. వైద్యశాస్త్ర విభాగంలో దీన్ని 2006లో వీరేందర్ సాంగ్వాన్, 2009లో సంతోష్ హోనావర్, 2019లో మహమ్మద్ జావేద్ అలీ అందుకున్నారు. పురస్కారం అందుకున్నప్పుడు ముగ్గురూ ఎల్.వి. ప్రసాద్ సంస్థవాళ్లే. సాంగ్వాన్ కార్నియా మూలకణాల మీద, హోనావర్ కంటి క్యాన్సర్ల మీద, అలీ కన్నీటి నాళాల మీద పనిచేశారు. బంజారాహిల్స్‌లోని ఒక ఆసుపత్రికి, అదీ కంటికి మాత్రమే పరిమితమైన ఆసుపత్రికి, మూడు భట్నాగర్‌లు రావడం చిన్న విషయం కాదు. తెలుగువాళ్లు దాని గురించి చెప్పుకోవలసినంత చెప్పుకోలేదనే నా ఫిర్యాదు. సినిమా అవార్డుల జాబితా నోటికి వచ్చిన వాళ్లలో ఈ మూడు పేర్లు తెలిసినవాళ్లు ఎందరుంటారు?

సాంగ్వాన్ పరిశోధన తాండూరుకు దూరమైనదేమీ కాదు. నల్లగుడ్డుకూ తెల్లగుడ్డుకూ మధ్యనుండే సన్నని అంచును లింబస్ అంటారు. కార్నియా పైపొరను ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించే మూలకణాలు ఉండేది అక్కడే. సున్నం లాంటి ఘాటైన క్షారం కంట్లో పడితే ఆ అంచు కాలిపోతుంది, మూలకణాలు చచ్చిపోతాయి, తెల్లగుడ్డు పొర నల్లగుడ్డు మీదికి పాకుతుంది. అలాంటి కంటికి దాత కార్నియా అతికించినా నిలవదు. తాంబూలం సున్నం పొట్లాన్ని నొక్కి ఆడుకునే పిల్లలు, గోడకు సున్నం వేసేవాళ్లు, సిమెంటు కలిపే కూలీలు దీని బారిన పడతారు. సాంగ్వాన్ బృందం బాగున్న రెండో కంటినుంచి మూలకణాలు తీసి, ప్రయోగశాలలో పెంచి, దెబ్బతిన్న కంటికి అతికించే పనిని 2001 ప్రాంతంలో మొదలుపెట్టింది. తర్వాత సయన్ బసు తదితరులతో కలిసి 2012లో ఇంకా సులువైన పద్ధతిని ప్రచురించింది. రెండు మిల్లీమీటర్ల పొడవూ వెడల్పూ ఉన్న ముక్క తీస్తారు. దాన్ని చిన్నచిన్న తునకలు చేసి, ఉమ్మనీటి సంచి పొర మీద పేర్చి, అదే ఆపరేషన్‌లో కంటికి అతికిస్తారు. ఖరీదైన ప్రయోగశాల అక్కర్లేదు. సున్నపురాయి నేలలో పుట్టే గాయానికి మందు సుమారు వంద కిలోమీటర్ల అవతల తయారైంది. ఆ వంద కిలోమీటర్ల మధ్యలో ఉండవలసిన మనిషే లేడు.

ఆ మనిషి ఎవరు? గాయం తగిలిన రోజునే గుర్తుపట్టగలిగేవాడు, ఎన్ని తగులుతున్నాయో లెక్క రాసేవాడు, ఏ సీజన్లో ఏ పనిలో తగులుతున్నాయో అడిగేవాడు, ఆ సమాధానం పట్టుకుని అద్దాల నమూనా మార్చమని యూనిట్ యజమానితో వాదించేవాడు. ఆప్టోమెట్రీ చదివిన అమ్మాయి కావచ్చు, ఎంబీబీఎస్ రెండో ఏడాది కుర్రాడు కావచ్చు. అలాంటివాళ్లను తయారుచేసే చోట మన స్కాలర్‌షిప్‌ల వ్యవస్థ బోసిగా ఉంది. పైమెట్ల మీద పూలదండలు, కిందిమెట్టే విరిగిన నిచ్చెన ఇది.

వివరంగానే చూద్దాం. కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80 వేలు. ఇంటర్‌లో అగ్రశ్రేణి మార్కులు వచ్చి మౌలిక శాస్త్రాల డిగ్రీలో చేరినవాళ్లకే అది, ఆప్టోమెట్రీకి వర్తించదు. భారత వైద్య పరిశోధనా మండలి 1979 నుంచి నడుపుతున్న స్వల్పకాలిక విద్యార్థి పరిశోధన పథకం మంచిదే. విద్యార్థి ఒక ప్రశ్న ఎంచుకుని, గైడు కింద రెండు నెలలు పనిచేసి నివేదిక ఇస్తే 50 వేలు. కానీ అది ఎంబీబీఎస్, బీడీఎస్ విద్యార్థుల కోసం పెట్టింది. నేత్ర వైద్యుల సంఘాలు ఏటా సదస్సుల్లో ఇచ్చే ఉత్తమ పత్రాల బహుమతులు నేత్ర వైద్యులకు. అమెరికా కేంద్రంగా పనిచేసే దృష్టి పరిశోధకుల సంఘం ఆర్వో ఇచ్చే ప్రయాణ గ్రాంటు కావాలంటే ముందు పరిశోధన సారాంశం అంగీకారం పొందాలి. లండన్‌లోని ప్రజారోగ్య విద్యాసంస్థలో కంటి ఆరోగ్యం మీద ఎమ్మెస్సీ ఉంది. దానికి బౌల్టర్ ఫెలోషిప్‌లు ఉన్నాయి, కామన్వెల్త్ దేశాల విద్యార్థులకు తోడ్పాటు ఉంది. అక్కడ చదివినవాళ్లు తమ దేశాల్లో గొప్ప పనులు చేశారు. అయితే ఆ దరఖాస్తు నింపే స్థితికి రావడానికే పదేళ్ల చదువు కావాలి.

రాష్ట్రం సంగతి మరీ విచిత్రం. విదేశాల్లో పీజీ చదవడానికి అర్హులైన ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ విద్యార్థులకు తెలంగాణ ప్రభుత్వం ఒక్కొక్కరికి 20 లక్షల దాకా ఇస్తోంది. ఆ పథకాన్ని తప్పుపట్టేవాడిని కాను, దానివల్ల నిలబడ్డ కుటుంబాలున్నాయి. అదే విద్యార్థి సొంత జిల్లాలో ఒక ప్రశ్న అడగడానికి ఇరవై వేలు కావాలంటే మాత్రం ఏ ఖాతాలోనూ పైసా లేదు. ఇక ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించి కొత్తగా చెప్పేదేముంది? నెలలు గడిచాక వచ్చే స్కాలర్‌షిప్ అప్పు తీర్చడానికి పనికొస్తుంది తప్ప చదవడానికి కాదు. ప్రైవేటు పారామెడికల్ కాలేజీలో చేరిన పిల్ల ఫీజు కట్టలేక సర్టిఫికెట్లు తెచ్చుకోలేకపోవడం ఈ ప్రాంతంలో వింత కాదు. ఆప్టోమెట్రీ డిగ్రీ చివరి ఏడాది ఇంటర్న్‌షిప్‌లోనూ చాలాచోట్ల స్టైపెండ్ నామమాత్రమే. నగరంలో హాస్టలు అద్దె మాత్రం నామమాత్రం కాదు.

మనకు దృష్టి పరిశోధన కొత్తా కాదు, పరాయిదీ కాదు. చిన్నపిల్లలకు ఆరునెలలకోసారి రెండు లక్షల యూనిట్ల విటమిన్-ఎ చుక్కలు వేసే జాతీయ కార్యక్రమం 1970లో మొదలైందంటే, దాని వెనక ఉన్నది హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థవాళ్లు పల్లెల్లో చేసిన ప్రయోగాలు. రేచీకటితో మొదలై చూపు పోయే పిల్లల సంఖ్య తగ్గడంలో ఆ పనికి వాటా ఉంది. 1996-2000 మధ్య ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల అధ్యయనం పేరిట హైదరాబాద్, పశ్చిమగోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో 10,293 మందిని పరీక్షించారు. అంధత్వం 1.84 శాతమని, శుక్లాల మీదే దృష్టిపెడితే చాలదని తేల్చి దేశ విధానాన్ని ప్రశ్నించారు. నేటి వికారాబాద్ జిల్లాలోని కొడంగల్ ప్రాంతం అప్పుడు మహబూబ్‌నగర్‌దే. అంటే ఈ నేల గురించి ప్రపంచస్థాయి ప్రశ్న ఒకప్పుడు అడిగారు. అడిగింది బయటినుంచి వచ్చినవాళ్లు, అంతే తేడా.

ఎల్.వి. ప్రసాద్ సంస్థ పుట్టుకే గమనించండి. అమెరికాలో రోచెస్టర్‌లో పనిచేస్తున్న గుళ్లపల్లి నాగేశ్వరరావు తిరిగి రావడం, నిర్మాత, దర్శకుడు ఎల్.వి. ప్రసాద్ అయిదెకరాల స్థలం, కోటి రూపాయలు ఇవ్వడం, 1987లో ఆసుపత్రి మొదలవడం అందరికీ తెలిసిన కథ. అంతగా తెలియనిది ఇంకొకటుంది. 1998లో జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ డైరెక్టరు పదవి ముగిశాక డి. బాలసుబ్రమణియన్ అక్కడ పరిశోధన బాధ్యత తీసుకున్నారు. కంటి కటకంలోని ప్రొటీన్ల మీద జీవితకాలం పనిచేసిన రసాయన శాస్త్రవేత్త ఆయన. డాక్టర్ల పక్కన శాస్త్రవేత్తను, శాస్త్రవేత్త పక్కన జీతమిచ్చి విద్యార్థిని కూర్చోబెట్టిన చోటే మూలకణాల పని సాధ్యమైంది. భట్నాగర్ బహుమతి చివర్లో వచ్చింది, విద్యార్థి వేతనం మొదట్లోనే ఉంది.

అరవింద్ నేత్రాలయానిదీ అదే దారి. 2007లో పోర్చుగల్‌కు చెందిన షాంపలిమో ఫౌండేషన్ పది లక్షల యూరోల దృష్టి పురస్కారాన్ని మదురైలోని ఆ సంస్థకు ఇచ్చింది. దాని ఆపరేషన్ థియేటర్లను నడిపించేది పల్లెల నుంచి తీసుకుని, స్టైపెండ్ ఇస్తూ రెండేళ్లు శిక్షణ ఇచ్చిన అమ్మాయిలు. పది లక్షల యూరోల వార్త మన పత్రికల్లో వచ్చింది. ఆ అమ్మాయిల స్టైపెండ్ వార్త కాలేదు.

కంటి వెలుగు సంగతీ చెప్పుకోవాలి. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో (మన తాండూరు మల్కాపూర్ కాదు) మొదలైన కార్యక్రమం కోటిన్నర మందికి పైగా కళ్లు పరీక్షించింది. 2023 జనవరిలో ఖమ్మంలో మొదలైన రెండో విడత కూడా దాదాపు అంత పనీ చేసింది. అద్దాలు పంచారు, చాలామందికి చత్వారం తీరింది. 1,500 బృందాలకు కావలసిన ఆప్టోమెట్రిస్టులను అప్పటికప్పుడు కాంట్రాక్టు మీద తీసుకోవలసి వచ్చింది. జిల్లాలో చదివించుకున్న పిల్లలు ఉండి ఉంటే ఆ వెతుకులాట ఉండేది కాదు. ఇంత పెద్ద పరీక్ష నుంచి వచ్చిన వివరాల మీద పనిచేయడానికి జిల్లాకొక విద్యార్థికి ఆరు నెలలు వేతనం ఇచ్చి ఉంటే, ఏ మండలంలో కార్నియా మచ్చలు ఎక్కువో ఈపాటికి పటంలో గీసి ఉండేవాళ్లు.

ఇంతకీ చిన్న విద్యార్థి చేసే చిన్న పరిశోధనతో ఒరిగేదేముంది అని అడిగేవాళ్లున్నారు. వాళ్ల అనుమానంలో నిజం లేకపోలేదు. స్వల్పకాలిక పరిశోధన అంటే పీజీ దరఖాస్తులో ఒక పంక్తి కోసం చేసే తంతుగా చూసే విద్యార్థులనూ, సంతకం పెట్టి వదిలేసే గైడులనూ అందరూ ఎరుగుదురు. పాత నివేదికలో ఊరి పేరు మార్చి ఇచ్చిన ఘనులూ ఉంటారు. కానీ నేపాల్‌లోని భక్తపూర్‌లో ఏం జరిగిందో చూడండి. అక్కడ ఉపాధ్యాయ్ బృందం ఊళ్లలోని సాధారణ ఆరోగ్య కార్యకర్తలకు నేర్పిన విద్య ఒక్కటే. కంటికి గీరుకుపోయిన గాయాన్ని రంగు చుక్కతో గుర్తించడం, వెంటనే క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంట్ పెట్టడం. 18 గంటల్లోపు మందు మొదలైన వాళ్లలో ఒక్కరికీ పుండు రాలేదని 2001లో ప్రచురించారు. కోట్ల యంత్రాలు లేవు, మూలకణాలు లేవు. ఆ పని తాండూరులో ఎందుకు చేయకూడదు? పాలిషింగ్ యూనిట్లలో, కంది చేలలో నెల రోజులు తిరిగి, కంట్లో నలక పడ్డాక ఎన్ని గంటలకు ఎవరి దగ్గరికి వెళ్లారో నోట్‌బుక్‌లో రాస్తే అదే మొదటి పరిశోధన పత్రం.

దానికి ఇప్పుడు చోటు కూడా ఉంది. 2023 సెప్టెంబరు 15న రాష్ట్రంలో ఒకేరోజు ప్రారంభమైన తొమ్మిది ప్రభుత్వ వైద్య కళాశాలల్లో వికారాబాద్‌దీ ఒకటి. ఏటా వందమంది చేరతారు. తాండూరులో జిల్లా ఆసుపత్రి ఉంది. ఆప్టోమెట్రీ సహా అనుబంధ వైద్యవృత్తులకు 2021లో పార్లమెంటు చేసిన చట్టం ఉంది. గైడుగా ఉండగలిగినవాళ్లు సరోజినీదేవి కంటి ఆసుపత్రిలోనూ బంజారాహిల్స్‌లోనూ ఉన్నారు, రెండు గంటల రైలు ప్రయాణం.

డబ్బు ఎక్కడిది అంటారా? బండల కిందే ఉంది. గనుల చట్టానికి 2015లో చేసిన సవరణతో ప్రతి గనుల జిల్లాలో జిల్లా ఖనిజ నిధి ట్రస్టు ఏర్పడింది. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన ప్రధాన ఖనిజాల లీజులకు రాయల్టీలో 30 శాతం, తర్వాత ఇచ్చిన వాటికి 10 శాతం అదనంగా ఆ నిధికి కట్టాలి. సిమెంటు సున్నపురాయి దానికి వర్తిస్తుంది. గనుల వల్ల నష్టపోయే జనం ఆరోగ్యం, విద్య ఆ నిధి ముందు చూడవలసిన రంగాలని నిబంధనల్లోనే ఉంది. తాండూరు దగ్గరి కరన్‌కోట్‌లో ప్రభుత్వరంగ సిమెంటు కార్పొరేషన్ కర్మాగారం ఉంది, చుట్టూ ప్రైవేటు కంపెనీలున్నాయి. కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన సంస్థ సగటు నికర లాభంలో రెండు శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఇప్పుడు ఆ డబ్బు ఎక్కువగా సీసీ రోడ్డుగా, ప్రహరీగోడగా, దాత పేరు చెక్కిన నీళ్ల ట్యాంకుగా మారుతుంది. గోడకు శిలాఫలకం పెట్టవచ్చు, విద్యార్థికి పెట్టలేము, అదే చిక్కు.

ఖర్చు ఎంతవుతుందో లెక్క వేసి చూడండి. ప్రభుత్వ కాలేజీల్లో ఇంటర్ బైపీసీ చదివిన, బండల యూనిట్లలో లేదా పొలాల్లో కూలి చేసే కుటుంబాల పిల్లలు పదిమందికి, అందులో కనీసం ఏడుగురు అమ్మాయిలకు, ఆప్టోమెట్రీ నాలుగేళ్లూ నెలకు అయిదు వేలు ఇస్తే మొత్తం 24 లక్షలు. ఫీజు వేరే. రెండు నెలల పరిశోధన వేతనం 50 వేల చొప్పున ఏటా పదిమందికి అయిదు లక్షలు. ఆప్టోమెట్రీ, నర్సింగ్, ఎంబీబీఎస్ ఎవరైనా సరే, ప్రశ్న మాత్రం ఈ జిల్లాదై ఉండాలి. ఒక్కరిని విదేశానికి పంపే 20 లక్షలతో నలభైమంది విద్యార్థులు నలభై ప్రశ్నల వెంట తిరగవచ్చు. బహుమతి కూడా ఒకటి పెట్టండి, కాదనను. దాన్ని నిర్ణయించే ముగ్గురిలో ఒకరు నేత్ర వైద్యుడు, ఒకరు పరిశోధకుడు, మూడోవారు బండలు కోసే కార్మికుడు అయితే, కట్ పేస్ట్ నివేదిక ఆ గుమ్మం దాటదు. కళ్లకు అద్దాలు ఎందుకు పెట్టుకోరని అడిగి, మసకబారని అద్దం ఒకటి చేసి చూపించిన పిల్లకే ఆయన ఓటు పడుతుంది.

కన్ను ఒక్కటే ఎందుకు, బండ దుమ్ముతో ఊపిరితిత్తులు పోవడం లేదా అన్న ప్రశ్న న్యాయమైనదే. అనంతగిరి క్షయ ఆసుపత్రి ఉన్న జిల్లాకు ఆ మాట ఇంకొకరు చెప్పనక్కర్లేదు. అయితే ఊపిరి సమస్యకు జవాబు దొరకడానికి ఏళ్లు పడుతుంది. కంటి గాయానికి కొద్ది రోజుల్లోనే జవాబు తెలుస్తుంది. విద్యార్థికి పని నేర్పడానికీ, ఇచ్చిన డబ్బుకు ఫలితం చూడడానికీ ఇంతకంటే అనువైన చోటు దొరకదు. ఇక్కడ కుదిరితే రెండో స్కాలర్‌షిప్ ఊపిరితిత్తుల మీద పెట్టుకోవచ్చు.

శాలువాలు, జ్ఞాపికలు, ఫ్లెక్సీలతో సన్మానాలు చేసే దాతలకు తాండూరులో కొరత లేదు. వాళ్లతోపాటు జిల్లా ఖనిజ నిధి ట్రస్టు పాలకమండలికి, సిమెంటు కంపెనీల సామాజిక బాధ్యత అధికారులకు విన్నపం ఇది: వచ్చే సమావేశం ఎజెండాలో రోడ్లు, ప్రహరీల కిందనైనా సరే, 'కంటి ఆరోగ్య విద్యార్థి వేతనాలు' అని ఒక అంశం చేర్చండి. మొదటి విడతకు పాతిక లక్షలు చాలు. వచ్చే కంది కోతలకల్లా మొదటి విద్యార్థి నోట్‌బుక్ పట్టుకుని చేలోకి దిగేలా చూడండి.